మాస్టారి అమెరికా పారాయణ

మాస్టారు పోయారని వాళ్ల మరదలు ఫోన్ చేసేసరికి నేను నందిగామలో కాలేజీకి బయలుదేరుతూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను. "అమ్మాయ్, బావగారు పోయారు. పాలపాకెట్లకని వెళ్లి కొట్టు దగ్గరే కూలబడిపోయారంట" అంది. ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేని మనిషి ఆవిడ. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మరి అమ్మగారో?" అని. "ఉంది. దానికేం, ఉంది" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాట చెవిలో పెట్టుకుని బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి జగ్గయ్యపేట వైపు తిరిగేదాకా నాకు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. ఆ ఇంట్లో ముందు ఎవరు పోతారన్నది మేమందరం ఎప్పుడో తేల్చేసుకుని కూర్చున్నాం. మంచం మీద ఉన్నది ఆయన భార్య, అమ్మగారు కాబట్టి ఆవిడే అనుకున్నాం. ఆయన సంగతి ఎవరికీ తట్టలేదు. తిండి మానకుండా, మందులు మరవకుండా, చొక్కా నలగకుండా తిరిగే మనిషి పోతాడని ఎవరనుకుంటారు?

ఆయన్ని నేను మొదటిసారి చూసింది మా కాలేజీ స్టాఫ్‌రూములో. తెల్లచొక్కా, గొడుగు, భుజాన గుడ్డసంచి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషని చూస్తూనే తెలిసిపోతుంది. గుమ్మంలో ఆగి, లోపల ఎవరైనా అల్లరి చేస్తున్నారేమోనని ఒకసారి కలియజూసి గానీ అడుగు పెట్టలేదు. "ఇక్కడ అమెరికన్ సాహిత్యం చదువుకున్నవాళ్లు ఎవరండీ?" అన్నారు. మావాళ్లంతా ఒక్కుమ్మడిగా నన్ను చూపించి బయటపడ్డారు. ఎమ్మేలో నేను ఆ పేపరు రాసిన మాట నిజమే, గట్టెక్కిన మాటా నిజమే. అంతకుమించి ఆ దేశపు సాహిత్యంతో నాకు ముఖపరిచయం కూడా లేదు.

సంచిలోంచి తువ్వాలులో చుట్టిన ఇటుకంత పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టారు. అట్ట మీద గుండ్రంగా ఎర్రటి నూనె మరక. నా చూపు అక్కడ ఆగడం చూసి, "ఇన్నాళ్లూ ఆవకాయ జాడీ మూత మీద బరువుకి పెట్టేదమ్మా మా ఆవిడ" అన్నారు, సిగ్గేమీ లేకుండా. విజయవాడలో పాతపుస్తకాల కొట్టులో ఎప్పుడో వయసులో ఉండగా కొన్నారట. లావుగా ఉంది, చాలాకాలం వస్తుందని కొన్నారట. "మొదటి వాక్యమే అర్థం కాలేదమ్మా. మిగతావన్నీ దాని తర్వాతవే గదా, అక్కడే ఆగిపోయా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఆ నవల గురించి కాస్త చెప్పాలి. చదివామని చెప్పుకునేవాళ్లు ఎక్కువ, చదివినవాళ్లు తక్కువ అయిన పుస్తకాల్లో అదొకటి. అమెరికా నడిమధ్య ఎక్కడో ఒక ఊరు డ్యాము నీళ్ల కింద మునిగిపోబోతుంది. కథ అంతే. కానీ ఆ కథని తిన్నగా చెప్పేవాడు అందులో ఒక్కడూ లేడు. మొదటి అధ్యాయంలో చచ్చిపోయిన మనిషి ఇంకెక్కడో గొర్రెలు బేరం చేస్తూ కనపడతాడు, ఎందుకంటే అది ముందు జరిగింది. ఒక అధ్యాయం నిండా ప్రశ్నలే, జవాబుల్లేవు. ఇంకొకటి మొత్తం వేలంపాటలో అమ్మేసిన సామాన్ల పట్టీ. పేజీ అడుగున కథకంటే పొడుగు ఫుట్‌నోట్లు, వాటిలో సగం అబద్ధాలు, అవి అబద్ధాలని చెప్పడానికి మళ్లీ ఫుట్‌నోట్లు. నడుమ రచయితే వచ్చి, ఇల్లు వదలనన్న ముసలాయన చివరికి ఏమయ్యాడో నాకూ తెలియదు అంటాడు. ఆ చోట మాస్టారు పుస్తకం మీంచి తలెత్తి, "ఎంత పొగరమ్మా వీడికి" అన్నారు. తన క్లాసులో తెలివైన పిల్లాణ్ని గురించి చెప్పినట్టు అన్నారు.

నేను ఆదివారాలు వాళ్లింటికి వెళ్లడానికి ఒప్పుకున్నది పుస్తకం మీద ప్రేమతో కాదు. ఆయన అడిగిన తీరుకి కాదనలేకపోయాను. తీరా వెళ్లాక తెలిసింది, చదవాల్సింది ఆయన కోసం కాదని. సిమెంటు లారీలు పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఇల్లు. ముందుగదిలో ఇనపమంచం, దాని మీద అమ్మగారు. పక్షవాతం కుడివైపునీ మాటనీ రెంటినీ తీసుకుపోయింది. కళ్లు మాత్రం మనిషిని వదలవు. ఆవిడతో ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, మంచిది, అని డాక్టరు చెప్పాడట. "ఏం మాట్లాడనమ్మా?" అన్నారు మాస్టారు, నిజంగానే జవాబు చెప్పమన్నట్టు. "ఇన్నేళ్ల కాపురంలో మేం మాట్లాడుకున్నదంతా కూరల గురించి, కరెంటు పోయిందా వచ్చిందా అని. రెండ్రోజుల్లో నా దగ్గర సరుకు అయిపోయింది."

అప్పుడు వంటింట్లో జాడీ మీద పుస్తకం కనపడిందట. వెనక అట్ట మీద నాలుగు ముక్కలు చదివితే మునిగిన ఊరి కథ అని తెలిసింది. అమ్మగారు పుట్టిన ఊరూ ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. "వింటుందమ్మా. తన ఊరి సంగతి గదా" అన్నారు.

ఆయన చదివించుకునే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. ముందు కాళ్లు కడుక్కునేవారు. నన్నూ కడుక్కోమనేవారు. పారాయణకి వాడే చెక్కపీట, రెండు రెక్కలు విచ్చుకుని నిలబడేది, దాని మీద పుస్తకం పెట్టేవారు. చదవాల్సిన వరస మీద ఒక చింతపిక్క. నేను ఒక వాక్యం ఇంగ్లీషులో గట్టిగా చదవాలి, అది ఆయనకి విప్పి చెప్పాలి, ఆయన మంచం వైపు తిరిగి అమ్మగారికి చెప్తారు. వీరులపాడు దగ్గర వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్నగారు పురాణం చెప్పేవారట. ఒకరు చదవడం, ఒకరు అర్థం చెప్పడం. కొడుక్కి పురాణం అబ్బలేదు, ఇంగ్లీషు అబ్బింది. పద్ధతి మాత్రం పోలేదు.

ఆయన చెప్పే అర్థం వినడానికే నేను బస్సెక్కి వెళ్లేదాన్నని చెప్పాలి. వాక్యానికి నేను ఇచ్చేది ముక్కస్య ముక్కః. అది ఆయన నోట్లో పడ్డాక కృష్ణ ఒడ్డుకి వచ్చేసేది. "ఇదుగో, చూడూ" అని మొదలుపెట్టేవారు. భార్యని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఇదుగో, చూడూ. ఆ ముసలాడు ఇల్లు ఖాళీ చెయ్యనని గుమ్మంలో కూర్చున్నాడంట. మీ పెదనాన్న కూర్చోలా? అట్టాగే. ఆఫీసరొచ్చి కాగితం చూపిస్తే, నాకు చదువు రాదు పొమ్మన్నాడంట. వచ్చు వాడికి, అబద్ధం చెప్తన్నాడు." నేను ఇంగ్లీషు చదువుతున్నంతసేపూ అమ్మగారు నా ముఖం చూసేది. నేను ఆగగానే ఆవిడ కళ్లు ఆయన మీదికి వెళ్లేవి. ఆ అమెరికా రచయితకి అంత శ్రద్ధగా వినే మనిషి వాళ్ల దేశంలో దొరికి ఉండదు.

"అర్థం కాకపోవడం తప్పు కాదమ్మా, దాటెయ్యడం తప్పు." ఇది ఆయన తరచుగా అనే మాట. వేలంపాట అధ్యాయంలో నేను ఆవులింతలు మింగుకుంటూ, "మాస్టారూ, ఇది ఉత్త పట్టీయే, వదిలేద్దాం" అంటే ఒప్పుకోలేదు. ప్రతి కుర్చీ, ప్రతి పళ్లెం, ప్రతి గొలుసు అమ్మగారికి చెప్పాల్సిందే. ఫలానా రకం పొయ్యి ఎలా ఉంటుందో ఫోన్‌లో వెతికి బొమ్మ చూపించమనేవారు. ఆ బొమ్మ అమ్మగారి కళ్ల ముందు పట్టుకుని, "మన పాతింట్లో ఇట్టాంటిది లేదులే" అని తేల్చేవారు.

ఇంకో పట్టుదల ఉంది. ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. చావు దగ్గర, ఏడుపు దగ్గర అస్సలు ఆపకూడదు. పురాణంలో యుద్ధం నడుస్తున్నప్పుడు వాళ్ల నాన్నగారు ఎవరో ఒకరు బతికి బట్టకట్టేదాకా, ఏదో ఒక పెళ్లిమాటో వానో వచ్చేదాకా చదివి గానీ లేచేవారు కాదట. శుభం చోట ఆపాలి. ఈ నియమం ఆ అమెరికావాడికి తెలియదు గదా. ఒకసారి చిన్నపిల్ల కాలవలో పడి పోయిన ఘట్టం వచ్చింది. పొద్దు వాలుతోంది, నా బస్సు వేళవుతోంది. శుభం కోసం మేమిద్దరం పేజీల వెంట పరిగెత్తాం. తల్లికి మతి పోయింది. తండ్రి ఊరొదిలాడు. కుక్క కూడా చచ్చింది. చివరికి ఎక్కడో పేజీ అడుగున ఫుట్‌నోటులో, ఆ ఏడు ఆ వీధిలో ఎవరో వేసిన టమాటా నారు బాగా వచ్చిందని ఉంది. మాస్టారు గట్టిగా ఊపిరి వదిలారు. "చాలమ్మా, ఇక్కడ ఆపుదాం" అని చింతపిక్క పెట్టారు. అమ్మగారితో, "టమాటా బాగా కాసిందంట" అన్నారు. నేను తర్వాతి బస్సుకి నవ్వుకుంటూ ఇల్లు చేరాను.

ఈ నవ్వు ఎక్కువకాలం సాగలేదు. నవల సగం దాటాక ఆయన వేగం తగ్గింది. తెలిసిన మాటలకి అర్థాలు అడగడం మొదలుపెట్టారు. కిందటి వారం విప్పి చెప్పిన పేరాని మళ్లీ విప్పమనేవారు. ఒకసారి ఏడో తరగతి పిల్లలకి తెలిసే మాటకి నిఘంటువు చూడమన్నారు. మతిమరుపేమో అని భయపడ్డాను, వయసు వచ్చింది గదా. పెరట్లో చేతులు కడుక్కుంటూ ఆ మాటే వాళ్ల మరదలితో అన్నాను. అమ్మగారికి ఒక్కగానొక్క చెల్లెలు ఆవిడ, భర్త పోయాక అక్కకి చాకిరీ చేయడానికి వచ్చి ఉండిపోయింది. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

"మతిమరుపా?" అంది పిన్నిగారు, బకెట్టులో గుడ్డలు పిండుతూ. "ఆయనకి నిన్న పొద్దున తిన్న పచ్చడిలో ఉప్పెంతో కూడా గుర్తే. అది కాదమ్మాయ్. మొదలుపెట్టిన పారాయణ పూర్తయ్యేదాకా ఇంట్లో ఏ కీడూ జరగదని వాళ్ల నాన్న అనేవాడంట. పుస్తకం అయిపోతే అక్క పోద్దని బావగారి భయం. అందుకని సాగదీస్తన్నారు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. పిండుతున్న గుడ్డల మీద పసుపుపచ్చగా, ఎర్రగా మరకలు. "అదేంటి పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని, "రా, చూద్దువుగాని" అంది.

అమ్మగారిని పక్కకి తిప్పడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. నడుము కింద పుండు. అరచెయ్యి పట్టేంత గుంట. లోపల తెల్లగా ఏదో కనపడింది. అదేమిటని నేను అడగలేదు, పిన్నిగారు చెప్పలేదు. మందు అద్దుతుంటే అమ్మగారికి అరవడానికి గొంతు లేదు. ఎడమచేత్తో మంచం పట్టీని పట్టుకుంది, అంతే. మాస్టారు ఆ సమయంలో ఎప్పుడూ వరండాలో ఉండేవారు. మేం కట్టు మార్చడం అయిందని పిలిచేదాకా లోపలికి వచ్చేవారు కాదు. అది మగవాళ్ల మర్యాద అనుకున్నాను అంతవరకూ. కాదు, చూడలేక.

"నువ్వు చదువుకున్నదానివి, ఇయ్యన్నీ నమ్మవు" అంది పిన్నిగారు గుమ్మం దాకా వస్తూ. "నేనూ నమ్మను. కానీ ఆయన నమ్ముతున్నారు గదా. ఆయన అట్టా పట్టుకుని కూర్చున్నంతకాలం ఇది పోదమ్మా, పోవాలని దీనికీ అనిపించదు. నీకు దణ్ణం పెడతా, ఆ పుస్తకం తొందరగా పూర్తి చేయించు."

బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. ఒకాయన భార్యని బతికించుకోవడానికి ఫుట్‌నోట్లు చదివిస్తున్నాడు. ఒకావిడ అక్కని సాగనంపడానికి అవి ఆపమంటోంది. ఇద్దరి మధ్యా పేజీ తిప్పేది నేను. ఇంగ్లీషు చెప్పుకుని బతికే నాకు ఈ పెత్తనం ఎవరిచ్చారు? ఇక వెళ్లకూడదు అనుకున్నాను. మళ్లీ ఆదివారం ఆ పుండు గుర్తొచ్చి బస్సెక్కాను.

ఆ రోజు నేను గబగబా చదువుతున్నానట. నాకు తెలియలేదు, ఆయన పట్టుకున్నారు. "తొందరపడతన్నావమ్మా" అన్నారు.

"మీరు నెమ్మదిస్తున్నారు మాస్టారూ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు. వంటింటి వైపు ఒకసారి చూశారు. పిన్నిగారు చెప్పిందని ఆయనకి తెలిసిపోయింది. కోపపడతారనుకున్నాను. "పుస్తకం మంచిది. మంచిదాన్ని నెమ్మదిగానే చదవాలి" అని మాత్రం అన్నారు. ఆ మాట నమ్మించడానికి ఆయన పడ్డ అవస్థ చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

పిన్నిగారు మెత్తగా కనిపించే మొండిమనిషి. తర్వాత నేను వెళ్లినప్పుడు కట్టు మార్చే వేళకి మాస్టారు అలవాటుగా వరండాలోకి లేచారు. "బావగారూ, ఇయాళ మీరు పట్టుకోండి. నాకు చెయ్యి నొప్పిగా ఉంది" అంది. నేను ముందుకు రాబోతే కళ్లతోనే ఆపింది. ఆయన అటూ ఇటూ చూశారు. ఇక తప్పదని మంచం దగ్గరికి వచ్చి, అమ్మగారి భుజం కింద చెయ్యి వేసి తన వైపు తిప్పుకున్నారు. ఆవిడ ముఖం ఆయన పొట్టకి ఆనుకుంది. పిన్నిగారు కట్టు విప్పింది. ఆయన చూశారు. తల తిప్పుకుంటారనుకున్నాను, తిప్పుకోలేదు. మందు తగిలినప్పుడు అమ్మగారి ఎడమచెయ్యి మంచంపట్టీ కోసం వెతుక్కుని, అది అందక ఆయన చొక్కా పట్టుకుంది. అంత గట్టిగా పట్టుకోగల బలం ఆ చేతిలో ఉందని మాకెవరికీ తెలియదు.

కట్టు అయిపోయాక ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి పీట ముందు కూర్చున్నారు. నేను ఒక వాక్యం చదివి, అర్థం చెప్పబోయాను.

"ఇక అర్థాలు వద్దమ్మా" అన్నారు. "చదువు."

మిగిలిన పేజీలన్నీ అలాగే చదివాను. నాకు సెలవులొచ్చాయి, ఆదివారం దాకా ఆగకుండా వరసగా వెళ్లాను. ఆయన అర్థం అడగలేదు. శుభం చూసి ఆపమనలేదు. పేజీ అడుగు ఫుట్‌నోట్లు దాటేసినా ఏమీ అనలేదు. అమ్మగారు నా ముఖం చూసేది, నేను ఆగినప్పుడల్లా ఆయన వైపు చూసేది. ఆయన తలవంచుకుని పుస్తకంలోకే చూస్తుండేవారు. ఆవిడ మళ్లీ నా వైపు తిరిగేది. ఒక మనిషి ఇంకో మనిషికి మాట అందివ్వడం మానేస్తే ఎలా ఉంటుందో నేను ఆ రోజుల్లో దగ్గరగా చూశాను. మంచి చేస్తున్నామని తెలిసీ ప్రాణం ఒప్పేది కాదు.

ఆఖరి పేజీలో నీళ్లు వచ్చేస్తాయి. ఇద్దరు అన్నదమ్ములు గట్టు మీద నిలబడి ఉంటారు. ఒకడు, ఇంటికి తాళం వేశావా అని అడుగుతాడు. రెండోవాడు జవాబు చెప్పేలోగా పుస్తకం అయిపోతుంది. నేను చదవడం ఆపాను. మాస్టారు పేజీ తిప్పి చూశారు, వెనక ఏమైనా ఉందేమోనని. ఖాళీ కాగితం.

పారాయణ ముగిస్తే చెయ్యాల్సినవన్నీ చేశారు. కొబ్బరికాయ కొట్టారు. నూనె మరకల ఆ అమెరికా పుస్తకానికి కర్పూరం వెలిగించి హారతి ఇచ్చారు. నాకూ పిన్నిగారికీ ప్రసాదం పెట్టారు. తర్వాత ముగ్గురం మంచం చుట్టూ చేరి అమ్మగారిని చూస్తూ నిలబడ్డాం. ఆ మంచం పక్కన మేం దేనికోసం చూస్తున్నామో ఎవరూ పైకి అనలేదు. ఆవిడ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. సాయంత్రం పిన్నిగారు పట్టిన రాగిజావ రోజూకంటే నాలుగు చెంచాలు ఎక్కువే తాగింది.

మాస్టారు నన్ను బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చారు. మిర్చి లారీలు వరసగా ఆగి ఉన్నాయి, ఘాటుకి ఇద్దరికీ దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "నేనైతే వదిలేసానమ్మా" అన్నారు. "ఆవిడే పోలా." గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "రేపు పొద్దున దాని మొహం ఎట్టా చూడాలి?" అన్నారు. నిజంగానే జవాబు చెప్పమన్నట్టు అడిగారు. బస్సు రావడం నాకు మేలైంది.

ఆ తర్వాత ఏడాది పైన గడిచింది. అమ్మగారి పుండు మానలేదు, పెరగలేదు. నేను పండగకో పబ్బానికో వెళ్లేదాన్ని. మాస్టారు మంచం పక్కనే కూర్చుని ఉండేవారు. కూర్చోవడమే. మాటల్లేవు. పుస్తకం అల్మరాలో పడుకుంది. అమ్మగారు గంటలకొద్దీ ఆయన ముఖం కేసి చూస్తుంటే ఆయన కిటికీలోంచి లారీలు చూసేవారు. నేను ఉండబట్టలేక ఒకసారి, "ఇంకో పుస్తకం మొదలుపెడదామా మాస్టారూ? ఇంతకంటే లావుది వెతికి తెస్తాను" అన్నాను. ఆయన అల్మరా వైపు చూశారు. ఆశ పుట్టిందేమో అనుకున్నాను.

"వద్దమ్మా" అన్నారు. "ఇంకోసారి ముగించలేను."

ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి మాటలు దాదాపు అవే. పెద్దగా ఎవరికీ తెలిసిన మనిషి కాదు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన బెత్తాన్ని తలుచుకుంటారేమో గానీ, ఒక పుస్తకాన్ని అంత లోతుగా, అంత భయంగా చదివిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. యూనివర్సిటీల్లో ఇలాంటి నవలల మీద డిగ్రీలు తెచ్చుకుంటారు. వాళ్లలో ఎవరూ ఫుట్‌నోటు అయిపోతుంటే వణికి ఉండరు.

నేను వెళ్లేసరికి ఆయన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. జి.కొండూరు నుంచి బంధువులు వచ్చి ఉన్నారు. ముందుగది తలుపు దగ్గరగా వేసి ఉంది. పిన్నిగారు నన్ను చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కకి ఇంకా చెప్పలేదమ్మాయ్" అంది. "పొద్దుటినుంచీ మూడుమాట్లు లోపలికెళ్లి వచ్చా, నోరు రావట్లా. నువ్వు చెప్పు. నీ గొంతు దానికి అలవాటు."

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. అమ్మగారు మేలుకునే ఉంది. జనం మాటలు, ఏడుపులు వినపడుతూనే ఉండి ఉంటాయి. నన్ను చూసి, నేను వచ్చానంటే చదవడానికేనన్నట్టు, ముఖం నా వైపు సర్దుకుంది. మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మగారూ, మాస్టారు పోయారండి" అన్నాను.

ఆవిడ నా ముఖం చూస్తూనే ఉంది. బయట ఎవరో స్నానానికి నీళ్లు తోడుతున్నారు. నేను చెప్పింది తెలుగే. దీన్ని ఇంతకంటే విప్పి చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. ఆగిపోయాను. నేను ఆగగానే ఆవిడ కళ్లు నన్ను వదిలి, ఆయన కోసం గదిలో వెతకడం మొదలుపెట్టాయి.